ఒగ్గు కథ రికార్డింగులో ‘టప్‌’మనే చప్పుడు - విండోస్‌ను పాడుచేయకుండా సరిచేసుకునే దారి

కొమురవెల్లి మల్లన్న కథ ఎత్తుకున్న ఒగ్గు కథకుడు తెల్లవారేదాకా ఆగడు. ఎదుట కూచున్న జనాన్ని చూసి ఆ రాత్రి అతను కలిపే మాటలు, విసిరే చెణుకులు మరునాడు మళ్లీ చెప్పమంటే రావు. ఇలాంటి కథల్ని, ఇంట్లో పెద్దలు పాడే పాటల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటున్న యువకులు జనగామ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పుడు ఉన్నారు. ఒకటో రెండో మైకులు, వాటిని కంప్యూటర్‌కు కలిపే చిన్న పెట్టె, ఒక పాత ల్యాప్‌టాప్. సరంజామా అంతే. ఊరు దాటి స్టూడియోకు పోనక్కరలేదు, గంటకింత అని కట్టనక్కరలేదు.

చిక్కల్లా మరునాడు వింటున్నప్పుడు బయటపడుతుంది. డోలు దెబ్బకూ దెబ్బకూ నడుమ ‘టప్‌’మని ఒక చప్పుడు. కథకుడు రాగం సాగదీస్తుండగా ఒక ముక్క మాయం. పాతకాలం క్యాసెట్టులో ‘స్‌స్‌’మని రొద ఉండేది గాని, టేపు తెగితే తప్ప మాట మధ్యలో ఎగిరిపోయేది కాదు. ఈ జబ్బు కంప్యూటర్‌తోనే వచ్చింది.

ఇది చిన్న విషయమని కొట్టిపారేయడానికి లేదు. ఈ ప్రాంతంలోని మాణిక్యపురానికి చెందిన ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. ఆ తరం వారు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వారి నోట ఉన్న దానిలో చాలా భాగం కాగితం మీద లేదు. ఒక పెద్దాయన చివరిసారి చెప్పిన కథలో ‘టప్‌’లు పడితే వాటిని తీసి మళ్లీ మాటలు అతికించగల యంత్రం లేదు.

చప్పుడు వినగానే చాలామంది చేసే పని ఇంటర్నెట్‌లో వెదకడం. అక్కడ విండోస్‌ను పరుగులు పెట్టిస్తామంటూ చిట్కాల చాంతాడు వేలాడుతూ ఉంటుంది. అది ఆపు, ఇది పీకెయ్యి, ఈ సాఫ్ట్‌వేర్ వేసుకో అని. వాటిలో సగం ఎందుకూ పనికిరావు. కొన్ని కంప్యూటర్‌ను లేవకుండా పడుకోబెడతాయి. అప్పుడు ‘టప్‌’ల మాట అటుంచి, రికార్డు చేసిన కథే దక్కకుండా పోతుంది. పనికొచ్చే మార్పులు నాలుగైదుకు మించి లేవు. అవన్నీ వెనక్కి తీసుకోదగినవే.

బిందె నిండేలోపు రావాలి

అసలు ఆ చప్పుడు ఎందుకు వస్తుంది? మైకు నుంచి వచ్చే ధ్వని నల్లా నీళ్లలాంటిది. ఒక్క క్షణం ఆగదు. కంప్యూటర్ ఆ ధ్వనిని సెకనుకు 44,100 సార్లు గాని, 48,000 సార్లు గాని కొలిచి, ఆ కొలతల్ని ఒక బిందెలో పడుతుంది. ఆ బిందె పేరు బఫర్. నిండిన బిందెను తీసి ఖాళీది పెట్టే మనిషి విండోస్. అతనికి ఇదొక్కటే పని కాదు. వై-ఫై చూసుకోవాలి, వైరస్‌లు వెదకాలి, అప్‌డేట్లు దింపుకోవాలి, బ్యాటరీ ఎంత ఉందో చూడాలి. ఎవరితోనో మాట్లాడుతూ గడప దగ్గర ఒక్క క్షణం ఆలస్యం చేశాడా, నీళ్లు ఒలికిపోతాయి. ఒలికిన ఆ నీళ్లే మనకు వినబడే ‘టప్‌’.

దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తుంది. మనిషి ఎంత బలవంతుడన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఎప్పుడైనా ఆలస్యం చేస్తాడా అన్నదే ప్రశ్న. అందుకే వేలు పోసి కొన్న కొత్త ల్యాప్‌టాప్ కూడా ఒక్కోసారి ‘టప్‌’మంటుంది, పదేళ్ల నాటి పెట్టె చప్పుడు లేకుండా రికార్డు చేస్తుంది.

కాబట్టి మొదటి మందు విండోస్‌లో లేదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో గాని, మైకు పెట్టెతో వచ్చిన సెట్టింగుల్లో గాని ఉండే బఫర్ సైజులో ఉంది. సెకనుకు 48,000 కొలతల లెక్కన 64 బఫర్ పెడితే విండోస్‌కు దొరికే వ్యవధి సెకనులో వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ. 256 పెడితే వెయ్యింట 5 వంతులు. 1,024 పెడితే 21 వంతులు. బిందె పెద్దదైతే మనిషికి ఊపిరి తీసుకునే తీరిక దొరుకుతుంది.

మరి చిన్న బిందె ఎందుకు పెడుతున్నారు? కంప్యూటర్‌లోంచి వచ్చే తన గొంతును హెడ్‌ఫోన్‌లో వింటూ పాడేవారికి, కీబోర్డు వాయించేవారికి పెద్ద బఫర్‌తో శబ్దం ఆలస్యంగా వినిపిస్తుంది. తాళం తప్పుతుంది. వారికి 128, 256 కావాలి. డోలు, తాళాల నడుమ నిలబడి కథ చెప్పే మనిషి హెడ్‌ఫోన్ పెట్టుకోడు. అతని కథను రికార్డు చేయడానికి 64 బఫర్ దేనికి? ఎవరో పెద్ద స్టూడియోవారు పెట్టుకున్నారని మనమూ పెట్టుకోవడమే తప్ప అందులో లాభం లేదు. నిర్భయంగా 1,024 పెట్టుకోవచ్చు. చాలా ఇళ్లలో జబ్బు ఇక్కడితోనే కుదురుతుంది. హెడ్‌ఫోన్ తప్పనిసరి అయితే మైకు పెట్టె మీద ‘డైరెక్ట్ మానిటర్’ అనే మీట ఉందేమో చూడాలి. అది గొంతును కంప్యూటర్ దాకా పోనివ్వకుండానే చెవికి చేరుస్తుంది.

రెండోది డ్రైవర్. విండోస్ తన మామూలు దారిలో ధ్వనిని నడిపిస్తే మధ్యలో మజిలీలు ఎక్కువ. వాటిని దాటవేయడానికి జర్మనీలోని స్టెయిన్‌బర్గ్ కంపెనీ 1997లో ఆసియో అనే పద్ధతి తెచ్చింది. మైకు పెట్టె తయారుచేసిన కంపెనీ సైటు నుంచే దాని ఆసియో డ్రైవర్ దింపుకోవాలి. దానికి సొంత ఆసియో లేకపోతే ఆసియో ఫోర్ ఆల్ అని ఉచితంగా దొరికేది ఒకటుంది. అదీ వద్దనుకుంటే విండోస్‌లోనే ఉన్న వాసాపీ పద్ధతిని సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకోవచ్చు. డ్రైవర్లన్నీ మేమే కొత్తవి వేస్తామనే ఊరూపేరూ లేని సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోరాదు.

చేయి పెట్టేముందు

విండోస్‌లో ఏ మార్పు చేసినా ముందు రెండు పనులు. స్టార్ట్ నొక్కి ‘క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్’ అని టైపు చేస్తే ఒక పెట్టె తెరుచుకుంటుంది. సి డ్రైవ్‌కు ‘ప్రొటెక్షన్’ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసి, తేదీ పేరుతో ఒక పాయింట్ పెట్టుకోవాలి. మార్పు వికటిస్తే విండోస్‌ను ఆ తేదీ నాటి స్థితికి తీసుకుపోవచ్చు. అయితే ఇది విండోస్‌ను కాపాడుతుందే గాని మన పాటల్ని కాపాడదు. కనుక రెండో పనిగా అంతవరకు రికార్డు చేసినవన్నీ బయటి డిస్కులోకి కాపీ తీసి, ఆ డిస్కును కంప్యూటర్ నుంచి ఊడదీసి బీరువాలో పెట్టాలి.

ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోవడం మంచిది. ఒకసారికి ఒకే మార్పు చేసి, ఏది మార్చామో, ముందు ఏముండేదో రాసుకుని, పది నిమిషాలు రికార్డు చేసి వినాలి. పది మార్పులు ఒకేసారి చేస్తే బాగుపడినా, చెడినా కారణం తెలియదు.

ఇక మార్పులు. కంట్రోల్ ప్యానెల్‌లో ‘పవర్ ఆప్షన్స్’ చూస్తే సాధారణంగా ‘బ్యాలెన్స్‌డ్’ ఉంటుంది. పని తక్కువున్నప్పుడు కరెంటు ఆదా కోసం కంప్యూటర్ కునుకు తీస్తుందన్నమాట. కునుకు నుంచి లేచే ఆలస్యమే మనకు చేటు. రికార్డింగ్ సమయానికి ‘హై పెర్ఫార్మెన్స్’ ఎంచుకోవాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో అది కనబడకపోతే సెట్టింగ్స్‌లో బ్యాటరీ చోట ‘పవర్ మోడ్’ అని ఉంటుంది. దాన్ని ‘బెస్ట్ పెర్ఫార్మెన్స్’ మీద పెడితే సరి. అదే పవర్ ఆప్షన్స్ లోపల ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ కనిపిస్తే ఆపేయాలి. మైకు పెట్టె యూఎస్‌బీకే తగిలించి ఉంటుంది, దానికి కరెంటు ఆపే హక్కు విండోస్‌కు ఇవ్వరాదు. స్క్రీన్ ఆరిపోతే ఫరవాలేదు గాని ‘స్లీప్’ మాత్రం ‘నెవర్’ అని ఉండాలి. రాత్రంతా సాగే కథకు ఇది మరీ ముఖ్యం. పని అయ్యాక మళ్లీ బ్యాలెన్స్‌డ్‌కు తెస్తే బ్యాటరీ, ఫ్యాను రెండూ బతుకుతాయి.

తర్వాతి దోషి వై-ఫై. రికార్డింగ్ చేసేటప్పుడు ఎయిర్‌ప్లేన్ మోడ్ నొక్కితే వై-ఫై, బ్లూటూత్ రెండూ ఆగుతాయి. అప్‌డేట్ దిగడం ఉండదు, వాట్సాప్ మోగదు. ఒక్క నొక్కుతో ఇన్ని పనులయ్యే చిట్కా మరొకటి లేదు. అప్పటికీ చప్పుడు పోకపోతే లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి పది నిమిషాలు నడిపిస్తే ఏ డ్రైవర్ ఎంత ఆలస్యం చేస్తున్నదో పేరుతో సహా చూపుతుంది. ఇంటి వాడకానికి అది ఉచితం. గుడ్డిగా అన్నీ మార్చడం కంటే దోషిని పట్టుకుని ఆ ఒక్క డ్రైవర్‌నే సరిచేసుకోవడం మేలు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ‘స్టార్టప్’ అన్న చోట, కంప్యూటర్ ఆన్ చేయగానే పిలవకుండా వచ్చి కూచునే వాటి జాబితా ఉంటుంది. తెలిసిన వాటిని, అక్కరలేని వాటిని డిసేబుల్ చేయవచ్చు. పేరు తెలియనిదాన్ని ముట్టుకోవద్దు. విండోస్ చేసే ‘టింగ్’ చప్పుళ్లను కూడా సౌండ్ సెట్టింగుల్లో ‘నో సౌండ్స్’ చేసుకోవాలి. అక్కడే మైకు ప్రాపర్టీస్‌లో ‘ఎన్‌హాన్స్‌మెంట్స్’ ఉంటే తీసేయాలి. ఫోను మాటలకు పనికొచ్చే రొద తగ్గించే ఏర్పాటు అది. దానికి డోలు మోత కూడా రొదలాగే తోస్తుంది, నొక్కేస్తుంది.

ముట్టుకోరానివి

వైరస్‌ను అడ్డుకునే డిఫెండర్‌ను శాశ్వతంగా ఆపేయమని కొందరు చెబుతారు. వద్దే వద్దు. ఊళ్లో పది కంప్యూటర్లు తిరిగివచ్చే పెన్‌డ్రైవ్‌లతో వైరస్ ఎంత తేలికగా వస్తుందో అందరికీ తెలిసిందే. రికార్డింగులు చేరే ఫోల్డర్ ఒక్కదాన్ని మాత్రం తనిఖీ నుంచి మినహాయించమని డిఫెండర్‌లోనే చెప్పుకోవచ్చు. సి డ్రైవ్ మొత్తాన్ని, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను మినహాయిస్తే ఇంటికి తలుపు తీసిపెట్టినట్టే.

అప్‌డేట్లను కూడా పూర్తిగా చంపనక్కరలేదు. సెట్టింగ్స్‌లో ‘పాజ్’ అని ఉంటుంది, గరిష్ఠంగా ఐదు వారాలు ఆపవచ్చు. కథ ఉన్న వారానికి ఆపి, తర్వాత వేసుకుంటే సరి.

రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే సాఫ్ట్‌వేర్లు మరో బెడద. రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే చిట్టా. దాన్ని ఊడ్చే సాఫ్ట్‌వేర్లను వాడవద్దనే మైక్రోసాఫ్ట్ కూడా చెబుతోంది. వాటితో ధ్వని బాగుపడేదేమీ లేదు. విండోస్ సర్వీసులు డజన్లకొద్దీ ఆపమనే జాబితాలు ఎక్స్‌పీ కాలం నాటివి. అప్పట్లో మెమరీ తక్కువ, పిసరంత మిగిలినా లాభం ఉండేది. ఇప్పుడు ఆ జాబితా పట్టుకుని ఆపితే మైకు మూగబోవచ్చు. పేరు తెలియని సైటులో బ్లాక్ విండో తెరిచి ఈ వాక్యం అతికించమంటే అసలే చేయరాదు.

చేతిలో నాలుగు డబ్బులుంటే చిట్కాల కంటే సామాను మీద పెట్టడం తెలివి. పాత తిరుగుడు డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించి, మెమరీ 8 జీబీ చేయిస్తే పాత పెట్టెకు ప్రాణం వస్తుంది. లోపల పేరుకున్న దుమ్ము ఊదించడం కూడా మరవరాదు. పత్తి, మిర్చి కల్లాల కాలంలో ఫ్యాను రెక్కలకు పొర కడుతుంది. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు హై పెర్ఫార్మెన్స్ పెట్టినా ఫలితం ఉండదు.

‘టప్‌’ కాకుండా ‘గుర్ర్‌’మని ఆగకుండా మోగితే అది విండోస్ చిక్కు కాదు. చార్జర్ ఊడదీసి చూడండి. మోత ఆగితే ఎర్తింగ్‌లో లోపం ఉండి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించుకోవాలి. మోత పోతుందని ప్లగ్గు మూడో పిన్ను విరిచేసేవారు ఉన్నారు. అది ప్రాణానికే ముప్పు. డెస్క్‌టాప్ వాడేవారికి యూపీఎస్ లేకుంటే కరెంటు పోయిన నిమిషాన కథ కూడా పోయే ప్రమాదముంది.

రాత్రంతా రికార్డు చేసేవారు చోటు లెక్క వేసుకోవాలి. 24 బిట్, 48,000 లెక్కన ఒక్కో మైకుకు గంటకు 520 ఎంబీ దాకా పడుతుంది. నాలుగు మైకులు ఆరు గంటలంటే 12 జీబీ పైమాటే. మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటదు. ఆ లెక్కన రెండు చానళ్ల స్టీరియో ఫైలు నాలుగు గంటల కొద్ది నిమిషాలకే నిండుతుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌కూ ఒక్కో ఫైలుకు అదే హద్దు. కథకుడు చాయ్ తాగడానికి ఆగినప్పుడల్లా ఆపి, కొత్త ఫైలు మొదలుపెట్టుకుంటే ఈ బాధ ఉండదు. ఒక ఫైలు చెడినా మిగతావి దక్కుతాయి.

కాగా, మన పల్లెల్లోని పాత పెట్టెల్లో విండోస్ 10 ఉన్నవి ఎక్కువ. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. చాలా పాత పెట్టెలకు విండోస్ 11 ఎక్కదు. అంతమాత్రాన పారేయనక్కరలేదు. ఇంటర్నెట్ తీసేసి, బ్యాంకు పనులు, మెయిళ్లు ఫోనుకో మరో కంప్యూటర్‌కో మార్చి, దాన్ని రికార్డింగుకే కేటాయించవచ్చు. అందులోకి వచ్చే ప్రతి పెన్‌డ్రైవ్‌నూ ముందు వేరే కంప్యూటర్‌లో తనిఖీ చేయించి మరీ పెట్టాలి. కొమురవెల్లి జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగుతుంది గనుక, మల్లన్న కథలు ఎక్కించుకోవాలనుకునేవారు ఈ మార్పులన్నీ సంక్రాంతికి నెల ముందే చేసి, డోలుతో ఒక గంట రికార్డు చేసి విని చూసుకోవాలి.