వానకాలము మూలనుండిన మోటారు స్కూటరు

శీతల దేశములయందు మంచు కురియు నెలలలో మోటారు స్కూటరులను కొట్టములలో నుంచి, వసంత ఋతువున మరల వెలికి దీయుట వాడుక. మన గుంటూరు, ప్రకాశము ప్రాంతములందలి ప్రత్తి మిరప నేలలలో అట్టి మంచు లేదు. ఇచ్చట స్కూటరును మూల నిలుపునది వాన. నల్లరేగడి తడిసెనేని డొంకలో చక్రము తిరుగదు. బురద మడ్గార్డు క్రింద జేరి బిగుసుకొనిపోవును. అందుచేత లోపలి గ్రామములవారు కొందరు శ్రావణము మొదలు కార్తికము వరకు బండిని కొట్టములోనే యుంచి, ప్రత్తితీతలు సాగి డొంకలు గట్టిపడిన పిమ్మట బయటికి దీయుదురు. ఆ దినమున నది కదలదు. ఇంటివారందరును వంతులవారీగా కిక్కు కొట్టుదురు. కాళ్లు నొచ్చును గాని బండి పలుకదు. ఏది ముందు చూడవలెనో, ఏది వెనుక చూడవలెనో తెలిసియున్నచో నిట్టి పనిలో సగము ఇంటనే తీరును గనుక మాకు తెలిసినంతవరకు దానినిట వివరించుచున్నాము.

అన్నిటికంటె ముందు చేయవలసినది బండిని కొట్టము వెలుపలికి త్రోయుట. ఈ మాట చిన్నదిగా దోచవచ్చును. కాని మన కొట్టములలో ఆ కాలమున నుండునవి ప్రత్తి బోరెములు, చొప్ప, ఎండుగడ్డి. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకి పోక నేలబారున ప్రాకి, దూరమున నున్న దీపమునో పొయ్యినో చేరి యంటుకొనగలదు. పెట్రోలు వంపుట, స్పార్కు పరీక్షించుట అను రెండు పనులును ఆరుబయలునందే, ఒకదాని చెంత నొకటి కాకుండ జరుగవలెను. మూసిన గదిలో ఇంజను నడుపుటయు ప్రాణాపాయమే. దాని పొగలోని కార్బను మోనాక్సైడు వాసన లేని విషము.

బయటికి దెచ్చిన పిదప కిక్కు జోలికి పోక కన్నులతో చూడవలెను. ప్రత్తి నిలువయున్న యిండ్లలో ఎలుకలకు దూదికి కొదువ లేదు. గాలి వడపోయు పెట్టె వానికి చక్కని గూడు. అందులో దూది కుక్కబడినచో ఇంజనునకు ఊపిరాడదు. అవి తీగలను గూడ కొరుకును. సైలెన్సరు రంధ్రమున కందిరీగలు మట్టిగూడు పెట్టుట కలదు. పుల్లతో దానిని తీసివేయవలెను. మడ్గార్డు లోపలను, కాళ్లుంచు పలక క్రిందను ఎండి యిటుకవలె నైన రేగడిని గీకి కడుగవలెను. ఈ మట్టి చెమ్మను విడువదు. మన పాత స్కూటరులకు విడిగా చట్రము లేదు. వంచిన యినుప రేకే వాని యస్థిపంజరము. 1946 లో ఇటలీ దేశమున పియాజియో సంస్థకై వెస్పాను రూపొందించిన కొర్రాదినో దాస్కానియో విమానశిల్పి యగుటచే నీ పద్ధతి వచ్చినది. 1972 లో బజాజు సంస్థ వెలువరించిన చేతక్కు ఆ వంశములోనిదే. కావున పలక తుప్పుపట్టి పోయినచో అది అందమునకు కలిగిన లోపము కాదు, బండి బలమునకే లోపము.

తరువాత స్విచ్చి ఆపియుంచి కిక్కును చేతితో మెల్లగా నొత్తవలెను. అది కదలనిచో పిస్టను తుప్పుచే పట్టుకొని యుండవచ్చును. అప్పుడు దానిపై నెక్కి త్రొక్కుట మూర్ఖత్వము. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రమున రెండు మూడు చెంచాల ఇంజను నూనె పోసి, ఒక రాత్రి విడిచిపెట్టవలెను.

ఇక పెట్రోలు. మా అభిప్రాయమున నూరు తగవులలో అధిక భాగమునకు మూలమిదియే. పెట్రోలు ఒకే పదార్థము కాదు, పెక్కు ద్రవముల కలయిక. వానిలో తేలికయైనవి ముందుగా ఆవిరియై పోవును. చల్లని యింజను అంటుకొనుటకు తోడ్పడునవి యవియే. మిగిలినది నాళ్లు గడిచిన కొలది జిగురుగా మారి, కార్బురేటరులోని సూదిబెజ్జమువంటి జెట్టును మూసివేయును. దీనికి తోడు, 2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి 20 పాళ్ల ఎథనాలు కలియుట సాధారణమైనది. ఎథనాలునకు తేమను పీల్చు గుణము కలదు. నీరు హద్దు మీరినచో, నీరును ఎథనాలును కలిసి పెట్రోలునుండి విడివడి టాంకు అడుగునకు దిగును. ఇంజనునకు పోవు గొట్టము అడుగుననే యుండుటచే మొట్టమొదట అందునది యీ నీరే. పెట్రోలులో నూనె కలిపి పోయు చేతక్కు వంటి బండ్లలో మరియొక కీడు కలదు: ఆ నూనె పైనున్న పెట్రోలుతోనే నిలిచిపోవును, నూనె చాలని ద్రవముతో ఇంజను నడచుట పిస్టనునకు చేటు.

పరీక్ష సులభము. గొట్టమును విప్పి కొంచెము ద్రవమును గాజుసీసాలో పట్టి నిలుపవలెను. రెండు పొరలు కనబడినను, వార్నీషు వాసన వచ్చినను టాంకునంతయు వంపివేసి క్రొత్త పెట్రోలు పోయవలెను. చేతక్కు వంటి బండికి లీటరునకు 20 మిల్లీలీటర్ల నూనె చాలును; పొగ రాదని తగ్గించుటయు, మేలని పెంచుటయు తగదు. జెట్టును గాలితో ఊది శుభ్రము చేయవలెను గాని ఇనుపతీగతో పొడువరాదు. బెజ్జము పెద్దదైన పిదప దానిని మరల చిన్నది చేయలేము. వంపిన పెట్రోలును దీపములకును పొయ్యిలకును వాడరాదు; కాలువలో పోయరాదు.

ఇచ్చట నొక ముచ్చట. స్కూటరును ఒక ప్రక్కకు వంచి, లేపి, పిమ్మట కిక్కు కొట్టుట మన దేశమంతట కనబడు ఆచారము. కొందరు దీనిని పరిహసింతురు గాని యందు యుక్తి లేకపోలేదు. వంచుటచే కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు మట్టము మారి, కొంత పెట్రోలు ఇంజనులోనికి పోవును. రాత్రి నిలిచి ఉదయము కదలని బండికి ఇది మంచి మందే. జెట్టు మూసుకొన్న బండిని మాత్రము పదిసార్లు వంచినను ప్లగ్గు తడియుట తప్ప ఫలము లేదు.

ప్లగ్గు తడిసియున్నచో తుడిచి యెండబెట్టి, దాని యినుప భాగమును ఇంజనునకు తాకించి, పెట్రోలు కుళాయి మూసి, ప్లగ్గు రంధ్రమునకు దూరముగా నుంచి కిక్కు కొట్టి చూడవలెను. నీలపు మెరుపు వచ్చిన మంచిదే. రానిచో క్రొత్త ప్లగ్గు వేసి చూచి, అప్పటికిని రానిచో తీగలను, పాత బండ్లలో కాంటాక్టు పాయింట్లను చూడవలెను. వానకాలపు చెమ్మకు ఈ పాయింట్లపై చిలుము పట్టును.

2020 ఏప్రిలు పిమ్మట వచ్చిన స్కూటరులు చాలవరకు కార్బురేటరు లేనివి. పెట్రోలును యంత్రమే చిమ్మును. వానికి బ్యాటరీయే ప్రాణము. నిలిచియున్న బ్యాటరీ యొక్క వోల్టులు 12 కు దిగినచో అది దాదాపు వట్టిపోయినట్లే.

ఇంజను పలికిన తోడనే సంతోషముతో ఎక్కిపోవుట కలదు. అసలు అపాయ మక్కడ నున్నది. కదలని బండి ఎవరికిని హాని చేయదు. ఆగని బండి చేయును. డ్రమ్ములలో తుప్పు చేరుటచే బ్రేకు పట్టకపోవచ్చును, లేక ఒక్కసారిగా పట్టివేయవచ్చును. తీగ తుప్పు పట్టినచో లాగిన పిడి వెనుకకు రాదు. క్లచ్చి బిళ్లలు అంటుకొనియున్నచో గేరు వేయగానే బండి ముందునకు దుముకును. కావున ఇంజను ఆపియుంచి, గేరు వేసి, క్లచ్చి పట్టి బండిని ముందు వెనుకలకు ఊపి చూడవలెను. టైరులలో గాలి నింపి, ప్రక్కల బీటలున్నవేమో చూచి, స్టెప్నీని గూడ మరువరాదు. పది అంగుళముల చిన్న చక్రము బండిజాడలో పడినచో పెద్ద చక్రమువలె దాటిపోదు.

మొదటి నడక ఊరి బయట ఖాళీ కళ్లమున, నడకవేగమున సాగవలెను. ముందు బ్రేకును వేరుగను, వెనుక బ్రేకును వేరుగను పదిసార్లు పట్టి చూడవలెను. రెండును సరిగా పట్టువరకు వెనుక సీటుపై నెవ్వరిని కూర్చుండబెట్టరాదు. మిరప టిక్కీల లారీలు తిరుగు గుంటూరు రోడ్డు మీదికి ఆ బండిని తీసికొనిపోరాదు.