‘మళ్లీ మా ఊరెళ్లను’... అని రాసివ్వాలి!

అఫ్జల్‌గంజ్‌లో మూసీ మీద నయాపూల్. ఇవతల ఉస్మానియా ఆసుపత్రి, అవతల హైకోర్టు, సిటీ కాలేజీ. పక్కనే ఇమ్లీబన్ బస్టాండు. పొట్ట చేతపట్టుకుని రోజూ ఎందరో ఇక్కడ బస్సు దిగుతారు. ‘నువ్వెక్కడివాడివి?’ అని ఎవరూ ఆపరు. కానీ ఒకప్పుడు ఇక్కడే ఆ ప్రశ్న తూటాల దాకా వెళ్లింది.

ముల్క్ అంటే దేశం. ముల్కీ అంటే ఆ దేశపువాడు. హైదరాబాద్ రాజ్యంలో సర్కారీ కొలువులు ముల్కీలకేనని 1919లో ఏడో నిజాం ఫర్మానా జారీచేశాడు. బయటివాళ్లు ముల్కీ అనిపించుకోవాలంటే 15 ఏళ్లు ఇక్కడే ఉండాలి. అంతేకాదు, సొంతూరికి తిరిగివెళ్లే ఆలోచన మానుకున్నట్టు ప్రమాణపత్రం కూడా ఇవ్వాలి!

నిబంధన కాగితం మీదే మిగిలింది. 1948 పోలీసు చర్య తర్వాత బయటివాళ్లు కొలువుల్లో చేరారు. కొందరైతే దొంగ సర్టిఫికెట్లతోనే! చదువుకుని ఖాళీగా ఉన్న స్థానిక కుర్రాళ్లకు కడుపు మండింది. 1952లో వరంగల్‌లో రాజుకున్న ‘నాన్ ముల్కీ గోబ్యాక్’ ఉద్యమం రాజధానికి పాకింది. సెప్టెంబరు 3న సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపారు.

ఎవరిది న్యాయం?

దేశంలో ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఎక్కడైనా ఉండొచ్చు అంటుంది రాజ్యాంగం 19వ అధికరణం. స్థానికులకే ఉద్యోగాలనే నిబంధన పెట్టే అధికారం పార్లమెంటుకు ఉందంటుంది 16వది. ఈ రెంటి మధ్యే నలిగింది ముల్కీ. అవి చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు చెబితే, కోస్తాలో ‘జై ఆంధ్ర’ ఉద్యమం భగ్గుమంది. 1973లో ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి. వాటి స్థానంలో 371డి అధికరణం వచ్చింది. దాని కిందే 2018లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు తెలంగాణలో 95 శాతం ఉద్యోగాలను స్థానికులకు కేటాయించింది.

ఇదంతా సర్కారీ కొలువుల గొడవ. మూటలు మోసే హమాలీని, ఇటుకలెత్తే కూలీని ముల్కీవా అని అడిగిందెవరు? అడ్డూ లేదు, అండా లేదు. 2020 లాక్‌డౌన్‌లో అది తెలిసొచ్చింది. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న వలస కూలీలు తమను ఊళ్లకు పంపమని రోడ్డెక్కారు. మే 1న లింగంపల్లి నుంచి సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు రైలు కదిలింది. దేశంలో అదే తొలి శ్రామిక్ రైలు.

కొలువు కావాలంటే ఊరెళ్లనని రాసివ్వమన్నారు నాడు. పని పోయాక ఊరెళ్లనిస్తే చాలన్నారు వీళ్లు. వచ్చే హక్కుతోపాటు వెళ్లే హక్కూ ఉంటేనే కదా... స్వేచ్ఛ!