గడ్డి ఏటికి అడ్డంగా రోడ్డు

రోజంతా పారినా ఆ నీరు సాగేది సుమారు 30 మీటర్లే. చూసేవారికి అది నిలవ నీరులాగే వుంటుంది. అమెరికా దక్షిణ కొసన, ఫ్లారిడా రాష్ట్రంలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల సంగతి ఇది. అక్కడ వాలు కిలోమీటరుకు 3 సెంటీమీటర్లు మాత్రమే. ఆ నేలల నడుమ నైరుతిగా సముద్రం వైపు సాగే వెడల్పాటి మంచినీటి పల్లాన్ని షార్క్ రివర్ స్లూ అంటారు. ఒడ్లు లేని ఏరు అనుకోవచ్చు.

అక్కడ వానలు మే నుంచి అక్టోబరు దాకా. ఆ రోజుల్లో పల్లమూ మెరకా ఏకమవుతాయి. చేపపిల్లలు రంపపు అంచుల తుంగలో చేరి పెరుగుతాయి. వానలు వెనుకబట్టగానే మెరక ఎండుతుంది, చేపలన్నీ పల్లంలోకి దిగుతాయి. కొంగలు గూళ్ళు పెట్టేది అప్పుడే. ఉడ్ స్టార్క్ అనే పెద్ద కొంగ తెరిచిన ముక్కును నీటిలో వుంచి, తగిలిన చేపను తటాలున పట్టుకుంటుంది. పలుచటి నీటిలో చేప కిక్కిరిస్తే తప్ప దాని పిల్లలకు తిండి చాలదు. అకాలంలో నీరు పెరిగితే చేప చెదిరిపోతుంది. తల్లిపక్షులు గూళ్ళు వదిలి పోతాయి.

మరీ ఎండితే మొసళ్ళు బురద తోడి గుంటలు చేస్తాయి. చేపలు, తాబేళ్ళు వాటిలో తలదాచుకుంటాయి. అద్దె మాత్రం మొసలి వసూలు చేసుకుంటూనే వుంటుంది!

ఎగువ నుంచి మంచినీరు దిగుతూ వుంటేనే సముద్రపు ఉప్పునీరు మడ అడవుల దగ్గర ఆగుతుంది. మయామీ నగరపు తాగునీటి బావులకు ఊట అందించడంలోనూ ఈ చిత్తడి నేలలకు పాలున్నది.

1928లో తమాయమీ ట్రెయిల్ అనే రోడ్డు ఈ పల్లానికి అడ్డంగా పడింది. కట్ట పోసి చాలినన్ని తూములు పెట్టకపోతే ఏమవుతుందో మన రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. ఎగువ నీరు నిలిచి చెట్ల దిబ్బలు మునిగాయి. దిగువ నేల ఎండి మంటలకు గురైంది. ఉత్తరాన ఓకీచోబీ సరస్సు నీటిని కాలువల ద్వారా సముద్రానికి మళ్ళించడం మరో దెబ్బ. 1947లో దిగువ భాగాన్ని జాతీయ పార్కుగా చేశారు గాని, నీరు మాత్రం పెరగలేదు. ఉడ్ స్టార్క్‌లు చాలావరకు ఉత్తరానికి వెళ్ళి గూళ్ళు కట్టుకున్నాయి.

2000లో పునరుద్ధరణ పథకానికి చట్టం వచ్చింది. 2013లో కట్టకు బదులు సుమారు 1.6 కిలోమీటర్ల వంతెన పూర్తయింది. తరువాత మరికొంత మేర కూడా వంతెన కట్టారు. అయితే ఎగువ చెరకు పొలాల ఎరువుల భాస్వరం నీటిలో కలిస్తే తుంగను తోసేసి జమ్ము అల్లుకుంటుంది. అందుచేత ఆ నీటిని ముందుగా, జమ్ము వంటి నీటిమొక్కలు పెంచిన మడుగుల్లో వడకట్టి కిందికి వదులుతున్నారు.