"ఏమైనా విశేషమా?"

పెళ్లయిన ఏడాదికి మన ఇళ్లలో మొదలయ్యే ప్రశ్న ఇది. అడిగేవారికి కుశలప్రశ్నే; నాలుగేళ్లు గడిచాక వినేవారికి మాత్రం ములుకు. ఆ పైన రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణాలు, నాగప్రతిష్ఠ, మొక్కుబళ్లు, అన్నీ కోడలి వంతే. సీమంతం పేరంటానికి పిలుపు రాకపోతే ఒక బాధ, వస్తే మరొక బాధ. "గొడ్రాలు" అన్న మాట మన నోళ్లలో అలవోకగా దొర్లుతుంది గదా, మగవాడికి అంత వాడుకైన మాట ఒకటి చెప్పండి చూద్దాం!

ఇంతకూ ఇదేమీ అరుదైన కష్టం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన లెక్క ప్రకారం పెద్దవారిలో ఆరుగురికి ఒకరు చొప్పున జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కును ఎదుర్కొంటున్నారు. ధనిక దేశాలకూ బీద దేశాలకూ ఇందులో పెద్ద తేడా లేదు.

అయితే మూడు నెలలకే బెంగపడనక్కరలేదు. విడుదలైన అండం బతికేది ఒక్కరోజు. అంతా సవ్యంగా ఉన్న దంపతులకైనా ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం సుమారు నాలుగో వంతో, అయిదో వంతో. పన్నెండు నెలలు కలిసి కాపురం చేసినా ఫలితం లేకపోతే అప్పుడు వైద్యుని వద్దకు వెళ్లాలి. భార్యకు 35 ఏళ్లు దాటితే ఆరు నెలలకే వెళ్లడం మంచిది.

వెళ్లేది ఇద్దరూ! అండం సక్రమంగా విడుదల కాకపోవడం, గర్భనాళాలు మూసుకుపోవడం స్త్రీలలో కనిపించే కారణాలు. మన దేశంలో ఆ నాళాలను పాడుచేసేవాటిలో క్షయ ఒకటి. కాని దాదాపు సగం జంటలలో పురుషుని పాలు కూడా ఉంటుంది. పెద్దయ్యాక వచ్చిన గవదబిళ్లలు, వృషణాల దగ్గర ఉబ్బిన సిరలు, పొగాకు వంటివి కారణాలు కావచ్చు. చిత్రమేమంటే, అతనికి చేసే పరీక్షే అన్నిటికన్నా సులువు. కోత లేదు, నొప్పి లేదు. వీర్యకణాలు తయారు కావడానికి రెండు నెలలకు పైగా పడుతుంది కనుక, మొన్నటి జ్వరం ఈనాటి లెక్కను తగ్గించవచ్చు. అందుకే ఫలితం బాగా లేకపోతే మళ్లీ చేయిస్తారు.

నాకు తెలిసిన ఒక ఇంట్లో ఎనిమిదేళ్లు కోడలే మందులు మింగింది. రెండో సంబంధం ప్రస్తావన కూడా వచ్చింది. చివరికి భర్త పరీక్ష చేయించుకున్నాడు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోనాడు తానే తల్లి దగ్గర కూర్చుని, "లోపం నాలో ఉందమ్మా" అన్నాడు. ఆవిడ చాలాసేపు ఊరుకుంది. ఆ సాయంత్రం సంబంధం తెచ్చిన పెద్దమనిషి మళ్లీ వస్తే, కాఫీ అయినా ఇవ్వకుండా వీధి గుమ్మంలోంచే సాగనంపింది.