మోచేతి లోపలి నొప్పికి బరువే మందు

మోచేతి లోపలి నొప్పికి డాక్టరు రాసిన చీటీలో ‘గోల్ఫర్స్ ఎల్బో’ అని చూసి మా దగ్గరికొచ్చే తాపీమేస్త్రీలు తెల్లబోతారు. ఫిజియోథెరపిస్టుగా నేను చూసేవాళ్లలో గోల్ఫ్ ఆడినవాళ్లే లేరు. తాపీ పట్టేవాళ్లు, సుత్తి కొట్టేవాళ్లు, బట్టలు పిండే ఆడవాళ్లే ఎక్కువ.

పట్టు బిగించే, మణికట్టును లోపలికి వంచే కండరాలు మోచేతి లోపలివైపు ఎముక బొడిపెకు అతుక్కుంటాయి. విరామం లేని పనితో అక్కడ కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ పోగులు దెబ్బతింటాయి. స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు హాయినిస్తుంది, అంతే. అదే పనిగా వేయించుకోవడం నాకు బొత్తిగా ఇష్టం ఉండదు.

చేతిని పూర్తిగా కదపకుండా ఉంచడమూ తప్పే. నొప్పి రేపే పని తగ్గించి, టెండన్‌కు కొద్దికొద్దిగా బరువు అలవాటు చేయాలి. ముంజేతిని బల్లకు ఆనించి, అరచేయి పైకి ఉంచి అర లీటరు నీళ్ల సీసా పట్టుకోండి. రెండో చేత్తో మణికట్టును పైకి వంచి, ఆ చేయి తీసేసి, ఐదు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కిందికి దించండి. విడతకు 15 సార్లు, మూడు విడతలు. కాస్త నొప్పి ఫర్వాలేదు. మర్నాటికి పెరిగితే బరువు తగ్గించండి. నయం కావడానికి నెలలు పడుతుంది, మధ్యలో మానేయొద్దు.

ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే పక్కనున్న అల్నార్ నరం నలుగుతోందేమో. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.