పెద్ద టైర్లు వేస్తే క్రౌన్ పినియన్ కూడా మారాలి

పల్లెల నుండి చింతామణి మార్కెట్టుకు టమాటా చేరవేసే పికప్ వాహనాలకు, గతుకుల దారిలో అడుగుభాగం నేలకు తగలకూడదని కొందరు యజమానులు పెద్ద టైర్లు వేయిస్తారు. పిమ్మట నిండు బరువుతో బండి మందగిస్తుంది, క్లచ్ త్వరగా అరుగుతుంది. దోషం ఇంజనుది కాదు, ఇరుసులోని నిష్పత్తిది.

క్రౌన్ చక్రానికి 41 పళ్ళు, పినియన్‌కు 10 పళ్ళు ఉన్నాయనుకుందాం. చక్రం ఒకమారు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు 4.1 మార్లు తిరగాలి. 28 అంగుళాల టైరుకు బదులు 31 అంగుళాలది వేస్తే లాగే బలం సుమారు పదోవంతు తగ్గుతుంది. పాత నిష్పత్తిని 31తో గుణించి 28తో భాగిస్తే 4.54 వస్తుంది. 41కి 9 పళ్ళ జత, అనగా 4.56, దీనికి చాలును. పళ్ళ లెక్క తెలియనివారు ముందు చక్రాలకు అడ్డురాళ్ళు పెట్టి, న్యూట్రల్‌లో ఒక వెనుక చక్రాన్ని మాత్రమే పైకెత్తి, దానిని రెండు చుట్లు తిప్పి షాఫ్టు చుట్లను లెక్కించవచ్చు.

అంతకు మించిన నిష్పత్తి బరువులకు మేలే గాని, బాగేపల్లి మీదుగా 44వ జాతీయ రహదారిపై దూరం పోయే బండికి డీజిల్ ఖర్చు పెంచుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండ్లలో రెండు ఇరుసులనూ మార్చక తప్పదు.

నిష్పత్తి సరిచేసినంత మాత్రాన బ్రేకులు బలపడవు. చిక్కబళ్ళాపురం వద్ద నంది కొండ దిగేవారికి ఇది ప్రాణాలతో కూడిన విషయం. పైగా రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు నిర్దేశానికి భిన్నమయ్యే మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అనుమతించదు. టైర్లు కొనకముందే ఆర్.టి.ఓ. కార్యాలయంలో విచారించుకోవాలి.