మీకు తెలుసా? ఐన్‌స్టీన్‌కు సాక్ష్యం చెప్పిన దీవి

ఆఫ్రికా పశ్చిమ తీరానికి ఆవల, గినీ సింధుశాఖలో ప్రిన్సిపి అనే బుల్లి దీవి ఉంది. విస్తీర్ణం సుమారు 140 చదరపు కిలోమీటర్లు. 1919 మే 29న బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్ ఇక్కడి సుండీ కోకో తోటలో టెలిస్కోపు బిగించుకుని సంపూర్ణ సూర్యగ్రహణం కోసం కాచుకున్నారు. సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్రకాంతి వంగుతుందని ఐన్‌స్టీన్ చెప్పిన మాట నిజమో కాదో తేల్చాలి. పట్టపగలు సూర్యుడి పక్కనున్న నక్షత్రాలు కనబడాలంటే గ్రహణమే దిక్కు.

తీరా ఆ పూట పొద్దున్నే కుండపోత! మధ్యాహ్నానికీ మబ్బులు పూర్తిగా వీడలేదు. చీకటి కమ్మిన ఆ ఐదు నిమిషాల్లో 16 ఫొటో ప్లేట్లు తీస్తే, కొలతలకు పనికొచ్చినవి రెండే. అదే రోజు బ్రెజిల్‌లోని సొబ్రాల్‌లో మరో బృందానికి మెరుగైన ఫొటోలు దొరికాయి. (పేరు మాత్రం ఎక్కువగా ఎడింగ్టన్‌కే దక్కింది!) రెండు చోట్ల ఫలితాలనూ నవంబరు 6న లండన్‌లో ప్రకటించగానే ఐన్‌స్టీన్ పేరు ప్రపంచమంతా మారుమోగింది.

అన్నట్టు, ఆ కోకో తోటల కథ వేరే. సావో టోమే, ప్రిన్సిపి దీవుల్లో పనికి పోర్చుగీసు దొరలు అంగోలా నుంచి మనుషులను కాంట్రాక్టు కూలీల పేరుతో తెచ్చి బానిసల్లా వాడుకునేవారు. ఆ సంగతి బ్రిటన్‌లో రచ్చకెక్కడంతో 1909లో క్యాడ్‌బరీ కంపెనీ ఇక్కడి కోకో కొనడం మానేసింది. పోర్చుగల్ నుంచి ఈ జంట దీవులకు స్వాతంత్ర్యం 1975 జులై 12న వచ్చింది.